కోనసీమ మట్టిలో మా ఊరి వాటా

మా హాస్టల్‌లో రెండేళ్లుగా తెగని పంచాయితీ ఒకటుంది. నాది వెల్గటూరు దిక్కు, పాత కరీంనగర్ జిల్లా. నా రూమ్మేట్‌ది అమలాపురం పక్కన ఓ ఊరు. మెస్‌లో అన్నం దగ్గర మొదలైన వాదన ఒక్కోసారి అర్ధరాత్రి దాకా నడుస్తుంది. "మీ వైపు ఏముందిరా బండలు తప్ప? మా దగ్గర ఎండు కర్ర గుచ్చినా చిగురేస్తుంది" అంటాడు వాడు. "ఆ నీళ్లు మా ఊరి ముంగటి నుంచే వస్తయిరా, మర్చిపోకు" అంటాను నేను. ఇద్దరిదీ ఒకటే నది. కాకపోతే వాళ్లు గోదారి అంటారు, మా దిక్కు పెద్దోళ్లు గంగ అంటారు. మా తాత "గంగకు పోయొస్త" అన్నాడంటే కాశీకి కాదు, ఊరవతలి ఏటికి.

పోయినేడు దసరా సెలవులకు వాడిని మా ఊరు తీసుకుపోయాను. కోటిలింగాల చూపించాను. పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోటు అది. ఇక్కడ రెండు వేల ఏళ్ల కిందట ఇటుక గోడల పట్నం ఉండేదని, సిముకుడి పేరున్న నాణేలు దొరికాయని, అంతకన్నా ఎన్నో రెట్లు పాతవి, రాతియుగం పనిముట్లు మా రెండు జిల్లాల్లో ఏటి గట్ల మీద దొరుకుతాయని గొప్పగా చెప్పుకుపోతున్నాను. వాడు అంతా విని ఒకటే ప్రశ్న వేశాడు.

"అయితే ఆ రాతియుగం వాళ్లకి బుర్ర లేదేంట్రా? ఏటి వెంబడి ఓ ఇరవై రోజులు కిందికి నడిస్తే మా నేల వచ్చేది కదా. అంత మంచి నేల వదిలేసి ఈ బండల్లో ఎందుకు కూర్చున్నారు?"

నవ్వుకుంటూ అడిగాడు కానీ నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా. ఇవాళ డెల్టాలో అడుగడుగునా ఊరు. మా దగ్గర బోరు ఎండితే పంట ఎండినట్టే. మరి పాతకాలపు మనుషుల జాడలు మాత్రం పైనే ఎక్కువ, కింద తక్కువ. ఇదెట్లా? సెమిస్టర్ మధ్యలో, చదవాల్సినవి పక్కనపెట్టి దీని వెంట పడ్డాను. నాకు దొరికిన జవాబు ఇది.

వాడి ప్రశ్నలోనే ఒక తప్పు ఉంది. రాతియుగం మనిషి కిందికి నడిచి వెళ్లినా అక్కడ "వాళ్ల నేల" లేదు. కోనసీమ అప్పటికి పుట్టలేదు.

సుమారు 20,000 ఏళ్ల కిందట భూమి మీద మంచు బాగా పేరుకున్న కాలంలో సముద్ర మట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. నీళ్లన్నీ మంచుగా ధ్రువాల దగ్గర, కొండల మీద గడ్డకట్టి ఉన్నాయి. బంగాళాఖాతం అంచు ఇవాళ్టి తీరానికి చాలా అవతల ఉండేది. గోదావరి అంత దూరం పోయి, లోతుగా కోసుకున్న లోయలోంచి సముద్రంలో పడేది. తర్వాత మంచు కరగడం మొదలైంది. నీళ్లు ఎక్కుతూ వచ్చాయి. 120 మీటర్లు ఎక్కడానికి సుమారు 13,000 ఏళ్లు పట్టిందనుకుంటే సగటున ఏడాదికి 9 మిల్లీమీటర్లు. ఇప్పుడు సముద్రాలు ఏడాదికి 3 నుంచి 4 మిల్లీమీటర్లు పెరుగుతుంటేనే మనం భయపడుతున్నాం.

ఆ వేగంలో ఏ నదీ డెల్టా కట్టలేదు. నది మట్టి తెచ్చి పోస్తుంది, సముద్రం దాని మీదికి ఎక్కేస్తుంది. మళ్లీ పోస్తుంది, మళ్లీ మునుగుతుంది. గోడ కట్టే మేస్త్రీ ఒక వరస పెట్టేలోపు కింద నేల రెండు వరసలు కుంగిపోతున్నట్టు. సుమారు 7,000 ఏళ్ల కిందట సముద్రం పెరిగే వేగం తగ్గింది. అప్పుడు మేస్త్రీది పైచేయి అయింది. 1994లో స్టాన్లీ, వార్న్ అనే ఇద్దరు భూవిజ్ఞానులు ప్రపంచంలోని డెల్టాల వయసులన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. నైలు అయినా, గంగా అయినా, యాంగ్‌జీ అయినా అన్నీ దాదాపు ఒకే కాలంలో, 8,500 నుంచి 6,500 ఏళ్ల కిందట మొదలయ్యాయి. దేశాలు వేరు, నదులు వేరు, పుట్టినరోజు మాత్రం ఒకటే. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

గోదావరి డెల్టా కూడా ఆ కాన్పులోదే. ధవళేశ్వరం దగ్గర కొండలు దాటి బయటపడ్డ నది, అక్కడున్న లోతు తక్కువ సముద్రాన్ని పూడ్చుకుంటూ ముందుకు జరిగింది. ఎట్లా తెలుసంటే, డెల్టాలో తీరానికి సమాంతరంగా, ఎన్నో కిలోమీటర్ల లోపల, పాత ఇసుక మెరకలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఒక్కో వరస ఒక్కో కాలపు సముద్రపు ఒడ్డు. ఆంధ్రా యూనివర్సిటీ భూగోళ శాస్త్రవేత్తలు వీటిని శాటిలైట్ చిత్రాల్లో గుర్తించారు, బోర్లు వేసి తీసిన మట్టిలోని గవ్వలకు, కుళ్లిన ఆకు పొరలకు కార్బన్ డేటింగ్ చేసి వయసు లెక్కగట్టారు. నా మిత్రుడి ఊరు కూడా ఇలాంటి ఒక మెరక మీదే ఉంది. "మా ఊరు మెరక, పక్కదంతా పల్లం" అని వాడు ఎప్పుడూ అనే మాటే. ఆ మెరక ఒకప్పటి బీచ్ అని వాడికి చెబితే ఒక నిమిషం మాట్లాడలేదు. రెండు సంవత్సరాల్లో అదొక్కసారే.

కొల్లేరుదీ అదే కథ. ఇవాళ మంచినీళ్ల సరస్సు, కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం. ఒకప్పుడు అది సముద్రానికి అంటుకుని ఉన్న ఉప్పు కయ్య. రెండు నదులూ అటూ ఇటూ ముందుకు పెరుగుతూ పోతే, మధ్యలో ఇది లోపల చిక్కుకుపోయింది.

అంటే 6,000 ఏళ్ల కిందట డెల్టా అనే మాటకు అర్థం పచ్చటి వరి చేను కాదు. మడ అడవి, ఉప్పునీళ్లు, మోకాలి లోతు బురద, ఏటేటా దారి మార్చుకునే పాయలు. చేపలు, పీతలు, పక్షులు బాగా ఉండి ఉంటాయి. తినడానికి వచ్చిపోయిన మనుషులూ ఉండవచ్చు. అయితే అక్కడ రాయి లేదు. రాయి లేకపోతే గొడ్డలి లేదు, కత్తి లేదు, నూరుడు బండ లేదు. చెక్కతో, వెదురుతో ఎవరైనా గుడిసె వేసుకున్నా, దాని మీద తర్వాతి వేల వరదల మట్టి మీటర్ల కొద్దీ పేరుకుపోయింది. పైన నడుచుకుంటూ పోయి పెంకులు ఏరితే దొరికే సరుకు కాదది. చైనాలో యాంగ్‌జీ డెల్టా పక్కన హెముడులో 1973లో ఊరివాళ్లు మట్టి తవ్వుతుంటే 7,000 ఏళ్ల నాటి కొయ్య స్తంభాల ఇళ్లు, వరి గింజలు బయటపడ్డాయి. నీళ్లలో నాని గాలి తగలకుండా ఉండబట్టి చెక్క కూడా మిగిలింది. అలాంటి తవ్వకం మన డెల్టాలో పడితే లెక్కలు మారతాయి. అందుకే "డెల్టాలో ఎవరూ లేరు" అని నేను అనను. స్థిరమైన ఊళ్లు కట్టే నేల కాదు అని మాత్రం అంటాను.

ఇప్పుడు మా దిక్కు సంగతి.

పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలకు సరిహద్దు గోదావరే. ఈ రెండు జిల్లాల్లో మూడు రకాల నేల ఉంది, మూడింటికీ మూడు రకాల నీళ్ల గుణం. ఆదిలాబాద్ పడమటి భాగం దక్కను లావా మీద ఉంది, నల్లరేగడి. ఆ నేల నీళ్లు తాగి పట్టుకుంటుంది, వానాకాలం పోయాక కూడా తడి ఉంటుంది, అందుకే నీళ్లు పెట్టకుండానే యాసంగి జొన్న పండుతుంది. సివిల్ వాళ్లకు ఈ మట్టి బాగా తెలుసు, తడిస్తే ఉబ్బి ఎండితే పగిలి ఫౌండేషన్ల ప్రాణం తీసేది ఇదే. కరీంనగర్ ఎక్కువ భాగం గ్రానైట్, ఎర్ర చెల్క. నీళ్లు ఆగవు, జారిపోతాయి, కానీ గుట్టల మధ్య కట్ట వేస్తే చెరువు అవుతుంది. ఈ రెండిటి నడుమ బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం పట్టీ ఇసుకరాయి, బొగ్గు. ఆ బొగ్గు కూడా చిత్తడి నేలల పుణ్యమే, 25 కోట్ల ఏళ్లకు పైగా కిందటి బురద అడవులు మగ్గి అయింది. మనిషి అప్పటికి ఊహలో కూడా లేడు కాబట్టి దాన్ని వదిలేద్దాం. కాకపోతే ఆ పాత పగులు లోయ వెంబడే ప్రాణహిత, గోదావరి ఇవాళ్టికీ పారుతున్నాయి. నీళ్లకు పాత దారులు గుర్తుంటాయని మా తాత అంటే నవ్వేవాణ్ని.

వేట మీద బతికే మనిషికి ఈ మూడు నేలల అంచు కన్నా మంచి చోటు ఏముంటుంది? వాగుల గట్లలో గుండ్రాళ్లు, చెకుముకి జాతి రాళ్లు, అంటే పనిముట్లకు సరుకు. వాగు ఎండినా ఇసుకలో చెలిమె తోడితే నీళ్లు. చెలిమె అంటే తెలియనివాళ్ల కోసం: ఎండిన వాగు ఇసుకలో చేత్తో గుంత తీస్తే కాసేపటికి ఊరే తేట నీళ్లు. మా అవ్వ పెళ్లయిన కొత్తలో కూడా ఎండాకాలం వాగు చెలిమె నీళ్లే తాగేవాళ్లట. దీనికి ఇనుము అక్కర్లేదు, ఇటుక అక్కర్లేదు, రెండు చేతులు చాలు. జంతువులు కూడా ఆ మడుగుల దగ్గరికే నీళ్లకు వస్తాయి, కాబట్టి వేట కూడా అక్కడే.

తడి నేల వెంట మనిషి నడిచాడనడానికి ఇంకా పాత సాక్ష్యం మన రెండు రాష్ట్రాల్లోనే ఉంది. కర్నూలు దిక్కు జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో, 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద మందంగా పేరుకుంది. అప్పుడు అక్కడ చిత్తడి, నీటి మడుగులు ఉండబట్టే బూడిద కొట్టుకుపోకుండా నిలిచింది. ఆ పొర కింద రాతి పనిముట్లు, పైన కూడా రాతి పనిముట్లు. ఆకాశం బూడిద కురిసినా మనుషులు మళ్లీ అదే లోయకు వచ్చారు. 2007లో ఈ సంగతి సైన్స్ పత్రికలో వచ్చాక ప్రపంచమంతా చూసింది. ఆ బూడిదను పాత్రలు తోమే పొడి కోసం తవ్వి లారీల్లో అమ్ముకున్నారన్నది ఇంకో కథ.

వ్యవసాయం వచ్చాక ఆట మారింది. దక్షిణాదిన కొత్త రాతియుగం సుమారు 5,000 ఏళ్ల కిందట మొదలవుతుంది. కరీంనగర్ జిల్లాలో తొగర్రాయి, కదంబాపూర్ లాంటి చోట్ల ఆ కాలపు నునుపు రాతి గొడ్డళ్లు దొరికాయి. ఈ దక్కను రైతులు ఏం పండించారో కాలిన గింజలను బట్టి తేల్చారు: అండుకొర్రలు, పెసలు, ఉలవలు. వరి కాదు. వరి, చెరువు, కాలువ చాలా తర్వాతి మాటలు. ఈ మూడు పంటలూ చూడండి, మూడూ తక్కువ నీళ్లవి, మూడూ వానాకాలం తడితో గట్టెక్కేవి. ఉలవచారు మా రెండు ప్రాంతాల వాళ్లూ మాదే అని కొట్టుకుంటాం గానీ, దాని వయసు మా కొట్లాట కన్నా 4,000 ఏళ్లు ఎక్కువ.

ఇంకొక విషయం గమనించాను. ఆ ఊళ్లు ఎక్కువగా గుట్టల పాదాల దగ్గర, చిన్న వాగుల పక్కన ఉంటాయి, పెద్ద ఏటి ఒడ్డున కాదు. దీనికి కారణం 2022 జూలైలో నేను కళ్లారా చూశాను. ఆ వారం గోదావరి మంచిర్యాల వీధుల్లోకి వచ్చింది, కడెం ప్రాజెక్టు గేట్లు ఆగుతాయా లేదా అని రాత్రంతా టీవీల ముందు కూర్చున్నాం, భద్రాచలం దగ్గర నీటి మట్టం 71 అడుగులు దాటింది. 1986లో అయితే 75.6 అడుగులు. రాతి గొడ్డలి, మట్టి గోడ, గడ్డి కప్పు ఉన్న మనిషి అటువంటి ఏటి పక్కన ఊరు కడతాడా? వాగు పక్కన కడతాడు. వాగు కోపం ఒక్క రాత్రిది, ఏటి కోపం వారం రోజులది.

ఇక్కడి నుంచి కథ మళ్లీ డెల్టాకు పోతుంది, అదీ విచిత్రమైన దారిలో. 2006లో మన దేశం సముద్రం అడుగున గ్యాస్ హైడ్రేట్లు వెతకడానికి కృష్ణా గోదావరి బేసిన్‌లో డ్రిల్లింగ్ షిప్పుతో బోర్లు వేసింది. వెతికింది ఇంధనం. దొరికిన మట్టి కడ్డీల్లో ఒకటి గోదావరి ముఖద్వారానికి ఎదురుగా తీసింది, అందులో గడచిన వేల ఏళ్ల గోదావరి చరిత్ర పొరలు పొరలుగా ఉంది. ఏటి మట్టితో పాటు కొట్టుకొచ్చిన ఆకుల మీది మైనం కూడా ఆ పొరల్లో మిగిలింది. చెట్ల ఆకుల మైనానికి, ఎండను తట్టుకునే గడ్డి జాతుల మైనానికి కార్బన్ ఐసోటోపుల్లో తేడా ఉంటుంది. దాన్ని కొలిస్తే ఏ కాలంలో పైన అడవి ఉంది, ఏ కాలంలో గడ్డి మైదానం ఉందో తెలుస్తుంది. 2012లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం సుమారు 4,000 ఏళ్ల కిందట ఒకసారి, 1,700 ఏళ్ల కిందట ఇంకోసారి గోదావరి పరీవాహకం మెట్టు మెట్టుగా ఎండిపోయింది.

అదే కడ్డీ మీద 2017లో ఇంకో పరిశోధన వచ్చింది. మట్టి ఎక్కడిదో చూశారు. లావా రాయి నుంచి వచ్చిన మట్టికి, గ్రానైట్ లాంటి పాత రాళ్ల నుంచి వచ్చిన మట్టికి నియోడిమియం అనే మూలకంలో తేడా తెలుస్తుంది, దాదాపు ఆధార్ నెంబర్ లాగా. చివరి కొన్ని వేల ఏళ్లలో మట్టి రాక బాగా పెరిగింది, అందులోనూ దక్కను లావా నేలల వాటా పెరిగింది. ఎందుకు? వానలు తగ్గి అడవి పల్చబడింది. పల్చబడ్డ అడవిలో మనిషి నాగలి దించాడు, పశువులను తోలాడు. ఆ కాలంలోనే మహారాష్ట్రలో ప్రవర ఒడ్డున నేవాసా, దైమాబాద్ లాంటి రైతుల ఊళ్లు పుట్టాయి. ప్రవర గోదావరికి ఉపనదే. తడి తగ్గిన నేల మీద, దున్నిన నేల మీద ఏడాదికి రెండు మూడు గట్టి వానలు పడితే ఏమవుతుందో ఆదిలాబాద్ పత్తి రైతును అడగండి. పై మట్టి మొత్తం వాగులో ఉంటుంది.

ఆ మట్టి ఎక్కడికి పోయింది? ధవళేశ్వరం దాటి మా రూమ్మేట్ వాళ్ల చేను అయింది.

నాకు ఇది తెలిసిన రాత్రి వాడిని నిద్ర లేపి చెప్పాను. సముద్రం ఆగింది కాబట్టి డెల్టా మొదలైంది, నిజమే. కానీ అది అంత త్వరగా, అంత దూరం పెరగడంలో పైన మొదటి రైతుల చేతివాటం కూడా ఉంది. వాన తక్కువ కావడం, చెట్టు తగ్గడం, నాగలి, మూడూ కలిసిన పని అది. ఒక్క నాగలి మీదే మొత్తం వేస్తే అన్యాయం. అయినా "మీ మట్టి మాదిరా" అని అనడానికి నాకు ఆ మాత్రం చాలు. వాడు దుప్పటి ముసుగు తీయకుండానే "అయితే వచ్చి తీసుకుపో" అన్నాడు.

తర్వాత మనుషులు కూడా మట్టి వెనకాలే కిందికి దిగారు. ఇనుము వచ్చాక ఇది వేగం పుంజుకుంది. మా దగ్గర వాగు పక్కన పల్లె, ఏటి ఒడ్డున పట్నంగా మారింది కూడా అప్పుడే. పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల, మూడింటినీ 1960ల చివర నుంచి 1980ల మొదటి దాకా వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. పెద్దబంకూరులో ఇటుక కట్టడాలు, వేల శాతవాహన నాణేలు, ఇనుప పనిముట్లు దొరికాయి. నన్ను పట్టుకున్నది మాత్రం బావులు. ఇటుకల బావులు, కాల్చిన మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి దించిన బావులు. మా ఊళ్లో సిమెంటు ఒరల బావి ఎట్లా దించుతారో అదే పద్ధతి. చెలిమె తోడుకున్న మనిషి బావి దించే మనిషి అయ్యాడు. ఇక వాగు ఎక్కడుంటే అక్కడ ఉండాల్సిన అవసరం తగ్గింది, నీళ్లను తనున్న చోటికే తవ్వుకున్నాడు. ధూళికట్టలో మట్టి కోట, బౌద్ధ స్తూపం. కోటిలింగాలలో ఏరు, వాగు కలిసే మూలన ఇటుక పట్నం, అంటే పెద్ద ఏటి కోపాన్ని కూడా లెక్కగట్టి పక్కన నిలబడే ధైర్యం.

కింద డెల్టాలో ఇదే కాలానికి ఊళ్లు ఎట్లా వచ్చాయో చూస్తే నేల ఎట్లా గట్టిపడిందో అర్థమవుతుంది. కృష్ణా డెల్టా తలకట్టు దగ్గర ధరణికోట, అమరావతి. గోదావరి దిక్కు డెల్టా బయట కొండ మీద గుంటుపల్లి. కొల్లేటికి పైన, మెట్ట అంచున పెదవేగి. అన్నీ బురద తగలని అంచులు. లోపలికి వచ్చినవి తక్కువ, వాటిలో ఒకటి కోనసీమలోనే ఉన్న ఆదుర్రు బౌద్ధ స్తూపం. ముందు గట్టు మీద నిలబడి చూసి, తర్వాత కాలు పెట్టారన్నమాట. మెసొపొటేమియాలో ఊర్ లాంటి పట్నాలు కూడా ఒకప్పుడు చిత్తడి నేలల పక్కనే పుట్టాయి, తర్వాత నది, సముద్రం రెండూ వాటికి దూరం జరిగాయి. డెల్టా నేల ఎప్పుడూ అద్దె ఇల్లే. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ వయసు రెండు వందల ఏళ్ల చిల్లరే, అదే తీరంలో కోరింగ రేవు 1839 తుపానుతో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

ఇంతవరకు నేను గెలిచినట్టే ఉంది కదా. ఇక్కడి నుంచి వాడి వంతు.

"సరేరా, మట్టి మీరే పంపారు. మరి ఇప్పుడెందుకు పంపడం లేదు?" అన్నాడు. ఇది కూడా లెక్కగట్టాను. పోచంపాడులో శ్రీరాంసాగర్ కట్టినప్పుడు నిల్వ 112 టీఎంసీలు. ఇప్పుడు సుమారు 80. నీళ్లు ఉండాల్సిన చోట 30 టీఎంసీలకు పైగా ఒండ్రు చేరింది. ఒక టీఎంసీ 2.83 కోట్ల ఘనపు మీటర్లు, కాబట్టి 30 టీఎంసీలంటే దాదాపు 85 కోట్ల ఘనపు మీటర్ల మట్టి. కోనసీమ అంత, అంటే 2,000 చదరపు కిలోమీటర్ల నేల మీద దాన్ని పరిస్తే 40 సెంటీమీటర్ల పైచిలుకు మందం వస్తుంది. ఇది ఒక్క ప్రాజెక్టు లెక్క. పైన జాయక్‌వాడీ, కింద ఇంకా ఎన్నో ఉన్నాయి. గోదావరి సముద్రానికి తీసుకుపోయే ఒండ్రు 1970ల్లో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు ఉంటే, 1990ల్లో 6 కోట్ల టన్నులకు లోపే. మట్టి రాక ఆగితే మేస్త్రీ చేతులు కట్టుకుని కూర్చున్నట్టే, సముద్రం మళ్లీ ఎక్కుతోంది. డెల్టా తీరం కోసుకుపోతోంది. వాళ్ల మేనత్త వాళ్ల కొబ్బరితోటలో రెండు వరసల చెట్లు ఇప్పటికే లేవట. ఇది చెప్పేటప్పుడు వాడు నవ్వలేదు.

మా దిక్కు కూడా లాభం అంతా మాదే అనడానికి లేదు. ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీళ్లు కోటిలింగాల దాకా వచ్చి నిలిచాయి. 2,000 ఏళ్ల కిందట మనిషి లెక్కగట్టి ఎంచుకున్న ఆ మూల ఇప్పుడు జలాశయం అంచు. గుడి ముందు పడవలు తిప్పుతున్నారు, ఆదివారాలు జనం బాగానే వస్తారు. మేం ఎక్కిన పడవ నడిపే అన్న మా వెనకాల మడుగును చూపించి "ఎండకాలం నీళ్లు దిగినంక రాండ్రి, గట్టు కోసుకపోయిన కాడ పెంకులు, ఇటుకలు తేల్తయ్" అన్నాడు. చుట్టుపక్కల రైతులు నీళ్లు దిగిన శిఖం భూమిలో పెసర చల్లుతారు. తడి వెనక్కి పోయేకొద్దీ విత్తనం వెంట పోతుంది. నాగలి కూడా పెద్దగా అక్కర్లేని ఆ సాగు, బహుశా ఈ ఒడ్డున పట్నం కన్నా పాతది.

ఈ ఎండాకాలం నేను అమలాపురం వెళ్తున్నాను. వాళ్ల నాన్న చేలో కొత్త బోరు వేయిస్తున్నారట. బోరు లారీ వచ్చే రోజుకు నన్ను ఉండమన్నాడు మా వాడు. ఎన్ని అడుగుల దగ్గర నల్లరేగడి అయిపోయి సముద్రపు గవ్వలు మొదలవుతాయో ఇద్దరం పక్కన నిలబడి చూద్దామని ఒప్పందం. రేగడి ఎన్ని అడుగులుంటే అన్ని పూతరేకులు వాడు నాకు బాకీ.